ఎడమ పక్క ఎంత ఉంది?

కథ ఎక్కడ ఆగిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చిన డ్రైవరుకి ఒకటే కోరిక. చవకలో ఒక పాత వ్యాను కొనాలి, దాన్నే ఇల్లుగా మార్చుకోవాలి, తమ పాత మోటార్ సైకిల్‌ని కూడా అందులోకే ఎక్కించుకుని భార్యతో ఊళ్ళమ్మట తిరగాలి. వ్యాను ఊరి బయట ఆపేసి, అది దూరలేని సందుల్లోకీ గట్ల మీదికీ మోటార్ సైకిల్ మీద వెళ్ళొచ్చని ఆయన ఆలోచన. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవయ్యారేళ్ళుగా అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తున్న ఆయన భార్య మొదట నవ్వి ఊరుకుంది. తరవాత ఆమే టేపు పట్టుకుని ముందు నడిచింది. మొదటి వ్యాను పైకప్పు మరీ కిందికి ఉంది, పడుకోవడానికి తప్ప లేవడానికి పనికిరాదు. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, కింద పరిచిన రబ్బరు పట్టా ఎత్తి ఆమె వేలితో నొక్కితే, ఆ వేలు తుప్పు పట్టిన రేకులోంచి అవతలికి దిగబడింది. పోయిన వారం మనం వాళ్ళిద్దరినీ మూడో వ్యాను వెనక తలుపుల దగ్గర వదిలిపెట్టాం.

ఆ తలుపులు ఇప్పుడు బార్లా తెరిచి ఉన్నాయి.

అది లాండ్రీ వ్యాను. ఆస్పత్రి దుప్పట్లూ హోటళ్ళ కర్టెన్లూ మోసి మోసి లోపలంతా సబ్బు వాసన పట్టేసింది. దాని యజమాని సన్నగా, పొడుగ్గా, మడత నలగని చొక్కాలో ఉన్నాడు. ఇంతకంటే పెద్ద బండి తీసుకున్నాడు కాబట్టి దీన్ని వదిలించుకునే పనిలో పడ్డాడు.

"చూసుకో అక్కా, తనివితీరా చూసుకో. ఎక్కడైనా చిల్లు కనిపిస్తే నా పేరు మార్చుకుంటా," అన్నాడు. వచ్చి పది నిమిషాలు కాకముందే ఆమెని అక్కనీ, ఆయన్ని బావగారినీ చేసేశాడు.

ఆమె ప్రతి కొలతా రెండేసిసార్లు తీసింది. అద్దాలు కోసే చెయ్యి అది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫ్రేములో అద్దం కూర్చోదు.

"లోపలి పొడవు పదడుగుల రెండంగుళాలు," అని పైనుంచి చెప్పింది. "మన బండి ఏడడుగులకి ఒక అంగుళం తక్కువ. ఇంకా మూడడుగుల పైన మిగులుతుంది."

"స్టవ్వుకీ నీళ్ళ డబ్బాకీ చాలు. తలుపు వెడల్పు?"

"హ్యాండిల్‌కి అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ఖాళీ. అద్దాలు విప్పక్కర్లేదు."

"మంచం సంగతి?"

"గోడకి మడత మంచం బిగిద్దాం. మోటార్ సైకిల్ దింపాక మంచం దించుకోవచ్చు."

"అంటే అది బయట పడుకుంటేగానీ మనకి లోపల పడక లేదన్నమాట."

"ఇన్నేళ్ళూ వరండాలోనే పడుకుంది కదండీ, దానికి అలవాటే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఆయన వెనక్కి తిరగబోయి, తెరిచి ఉన్న తలుపుకి ఎడమ భుజం టంగుమని కొట్టుకున్నాడు. "ఈ తలుపొకటి!" అని విసుక్కుని భుజం రుద్దుకున్నాడు. సంతోషంలో మనిషికి ఒళ్ళు తెలియడం లేదనుకుంది ఆమె.

ఆమె వేలితో నొక్కి చూసిన చోటల్లా నేల రేకు గట్టిగానే ఉన్నట్టు తోచింది. నచ్చనిది ఒక్కటే. మోటార్ సైకిల్ కట్టడానికి ఆధారమైన ఇనప రింగులన్నీ వెనక సగంలోనే ఉన్నాయి.

"ఇవన్నీ ఇక్కడే వేయించావేమయ్యా?" అన్నాడు డ్రైవరు. "బరువంతా వెనక చక్రాలకి వెనక పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగ్ మన మాట వినదు."

"బట్టల మూటలకేం బరువు బావగారూ? మీరు తీసుకున్నాక ముందుకి వేయించుకోండి. ఇవాళ్టికి ఇక్కడే కట్టేద్దాం. బండి ఊగుతుందేమో నేను పక్కనే కూర్చుని చూసుకుంటా. ఇరవయ్యేళ్ళు మూటల మీద కూర్చుని తిరిగినవాణ్ణి, నాకేం కాదు."

వెడల్పాటి చెక్క వాల్చి ముగ్గురూ మోటార్ సైకిల్‌ని పైకి తోశారు. నాలుగు బెల్టులు బిగించారు. లాండ్రీ ఆయన ఒక దుప్పట్ల మూట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తలుపులు మూశారు. ముందు సీట్లకీ వెనక భాగానికీ మధ్య రేకు గోడ ఉంది, అందులో పుస్తకమంత జరుపుడు అద్దం.

"చదును రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది. ఎక్కుడులో చూడాలి దీని దమ్ము," అంటూ ఆయన నీళ్ళ ట్యాంకు కొండ వైపు తిప్పాడు. అంతెత్తు సీట్లో కూర్చునేసరికి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఆయనకి ఎడమ పక్కన ఆమె. మోకాళ్ళ మీద కొలతల కాగితం.

బజారు వీధిలో మొదటిది జరిగింది. ఒక సైకిలు మనిషి రోడ్డు ఎడమ అంచున పోతున్నాడు. వ్యాను పక్క అద్దం అతని చొక్కా చేతిని రాసుకుంటూ పోయింది. అతను సైకిలు వదిలేసి గోడకి అతుక్కున్నాడు. వెనక నుంచి తిట్లు వినిపించాయి.

"చూసుకోండీ!" అంది ఆమె.

"ఎవర్ని?" అన్నాడు ఆయన.

కసురుకుని ఉంటే బావుండేది. వాడే అడ్డం వచ్చాడని దబాయించి ఉన్నా బావుండేది. ఆయన నిజంగానే అడిగాడు.  కొత్త బండి, వెడల్పు ఇంకా అందలేదని ఆమె తనకి తనే సర్దిచెప్పుకుంది.

రెండోది కొండ మొదట్లో జరిగింది. అక్కడ రోడ్డు తవ్వుతున్నారు. ఎడమ పక్కన ఒక కూలీ ఎర్రజెండా అడ్డంగా చాపి నిలబడ్డాడు. ఎర్రటి జెండా, ఎండలో ధగధగా మెరుస్తోంది. ఆయన వేగం తగ్గించలేదు. జెండా వ్యాను మూతికి తగిలి చుట్టుకుపోయింది. ఆ కూలీ పక్కకి దూకి కంకర గుట్ట మీద పడ్డాడు.

"ఏమండీ!"

"ఏమైంది? ఏంటా చప్పుడు?" అంటూ ఆయన తల మొత్తం ఎడమవైపు తిప్పి చూశాడు. కళ్ళు కాదు, తల. కోడి గింజ కోసం మెడ తిప్పినట్టు, మొహం మొహమంతా.



ఆ తిప్పుడు ఆమెకి తెలుసు. దుకాణానికి వచ్చే కొందరిలో చూసింది. ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాలు చిట్టచివరి వరస దాకా టకటకా చదివేస్తారు. డాక్టరు చీటీలో అంకెలన్నీ బాగానే ఉంటాయి. పక్కనే నిలబడ్డ మనిషి మాత్రం వాళ్ళకి ఉండడు. గుమ్మాలకి భుజాలు కొట్టుకుంటారు. బల్ల అంచున గ్లాసు పెట్టి కింద పడేస్తారు. తమకి జబ్బుందని వాళ్ళకే చాలాకాలం తెలియదు. ఇంట్లో వాళ్ళకి అసలే తెలియదు. ఇంట్లో పగిలిన గ్లాసులు ఆమెకి వరసగా గుర్తొచ్చాయి. వయసైపోతోందని తను వేసిన వేళాకోళాలు కూడా.

వ్యాను అప్పటికే ఎక్కుడు పట్టింది. కుడి పక్క నిలువు రాయి. ఎడమ పక్క, అంటే ఆమె కూర్చున్న పక్క, అడుగు ఎత్తు గట్టు రాళ్ళు ఎడంఎడంగా, వాటి అవతల ఖాళీ. కింద ఊరు అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది.

"ఏమండీ," అంది.  "ఒక మాట అడుగుతాను. నా వైపు తిరగకండి. కళ్ళు రోడ్డు మీదే ఉంచండి."

"ఏంటోయ్?"

"నా కుడి చెయ్యి ఎక్కడుంది?"

ఆయన నవ్వాడు. "ఎక్కడుంటుంది? ఒళ్ళో ఉంది."

ఆమె కుడి చెయ్యి ఒళ్ళో లేదు. ఆయన ఎడమ చెంపకి జానెడు దూరంలో, అయిదు వేళ్ళూ విప్పుకుని గాల్లో ఉంది.

ఆ చేతిని మెల్లగా ముందుకి జరిపింది, దుకాణంలో పరీక్ష చేసేటప్పుడు జరిపినట్టే. చెవి దాటింది. కనుకొన దాటింది. ముక్కుకి తిన్నగా రాబోయేదాకా ఆయన మొహంలో అదే నవ్వు, చెదరకుండా. అప్పుడు ఒక్కసారి ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంటి? ఎక్కణ్ణుంచి వచ్చిందిది?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడు నిజంగానే ఒళ్ళో ఉంది.

"ముందు బండి ఆపండి."

"ఇక్కడెక్కడ ఆపను? ఇంత బరువుతో ఈ ఎక్కుడులో ఆపితే మళ్ళీ ముందుకి లాగదు, వెనక్కి జారుతుంది. పైన ట్యాంకు దగ్గర చదును ఉంది. అక్కడ ఆపుతా."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన గేరు మార్చాడు. ఇంజను మూలిగింది. 

"ఏడాదిన్నర," అన్నాడు చివరికి. "పక్క ఊళ్ళో చూపించుకున్నా. నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందిట. ఎడమ పక్క పోయిందీ, ఇక రాదన్నారు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చుక్కలిచ్చారు."

"చుక్కలా? ఇంట్లో నేనెప్పుడూ చూడలేదే?"

"మోటార్ సైకిల్ పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నా."

ఊరందరి కళ్ళజోళ్ళూ ఆమె చేతుల మీదుగా పోతాయి. ముసలివాళ్ళకి చుక్కల మందు వేళకి వేసుకోమని పదేపదే చెప్పి పంపుతుంది. అదే ఇంట్లో, అదే కప్పు కింద, పానాలూ స్క్రూడ్రైవర్ల మధ్య ఆ సీసా దాక్కుంది. ఏడవాలో కొట్టాలో తెలియలేదు. అంతలో ఇంకో లెక్క ఆమె బుర్రలో తేలింది. ఏడాదిన్నర. ఆయన ఉద్యోగం వదిలేసి పది నెలలు.

"ఏమండీ..." అంది.  "తెలిశాక కూడా ఎనిమిది నెలలు బస్సు నడిపారా?"

ఆయన హారన్ కొట్టి ఒక మలుపు తిప్పాడు.

"యాభై మందిని ఎక్కించుకుని?"

"ఆ రూటు నాకు కంఠతా వచ్చు," అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మలుపో, ఎవరి కొట్టు ముందు ఎవరు నిలబడతారో, అన్నీ తెలుసు. కండక్టరు విజిలు వేస్తే ఆపేవాణ్ణి. రెండు మూడేళ్ళేగా, గట్టెక్కిపోతాననుకున్నా."

"నేను కూడా ఎక్కానండీ మీ బస్సు. ఆ ఎనిమిది నెలల్లో నాలుగైదు సార్లయినా ఎక్కాను. ముందు సీట్లో కూర్చుని నిద్రపోయాను."

"తెలుసు. నువ్వున్న రోజు చేతులు చెమటలు పట్టేవి." మలుపు వచ్చింది. మొహం మొత్తం తిప్పి, మలుపు చూసుకుని, బండి తిప్పాడు. "ఒకరోజు బస్టాండులో ఒక పెద్దాయన ఎడమ పక్క నుంచి దాటుతున్నాడు. నాకు కనిపించలేదు. జనం కేకలు పెడితే తొక్కాను బ్రేకు. ఆయన చేతికర్ర చక్రం కింద విరిగింది. కర్ర ఒక్కటే. ఆ సాయంత్రమే కాగితం రాసి ఇచ్చేశా."

"మరి ఇదేంటి? ఈ వ్యానేంటి? ఎవరు నడుపుదామని?"

"ఇంకో ఏడాదో రెండేళ్ళో అన్నాడు డాక్టరు. ఆ తరవాత ఎదురుగా ఉన్నది కూడా మసకబారొచ్చట. ఈలోగా నాలుగు ఊళ్ళు... జనం లేని రోడ్లు చూసుకుని, మెల్లగా..." మాట తెగిపోయింది. "ఇంట్లో కూర్చుని చీకటి కోసం ఎదురుచూడాలంటే భయమేసిందోయ్."

జవాబు చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అదే క్షణంలో పై మలుపులోంచి బస్సు దిగింది.

రోడ్డంతా ఆక్రమించుకుని వస్తోంది. హారన్ కొండకి కొట్టుకుని రెండుసార్లు మోగింది. దారి ఇవ్వాలంటే వ్యాను ఎడమకి జరగాలి. ఖాళీ వైపుకి. ఆయనకి కనిపించని వైపుకి.

"ఎడమ పక్క ఎంత ఉంది?" అన్నాడు ఆయన.

"ఏంటీ?"

"గట్టు ఎంత దూరంలో ఉంది? చెప్పు! తొందరగా!"

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. గాలి చెవుల్లో హోరుమంది. ముందు చక్రం, దాని పక్కన తారు, తారు అంచున గులకరాళ్ళు, ఆ తరవాత ఏమీ లేదు.

"రెండడుగులు... జరపండి... అడుగున్నర... మెల్లగా, మెల్లగా... అడుగు..."

"ఇంకా?"

"జానెడు! ఆపండి! జానెడే ఉంది!"

బస్సు వాళ్ళ పక్కనుంచి గోడలా కదిలింది. దాని రేకు కుడి అద్దాన్ని విరిచి మడిచేసింది. ఆయన స్టీరింగ్ ఇంకాస్త ఎడమకి కోశాడు. వెనక బరువుకి ముందు చక్రాలు నేల మీద ఆనీ ఆననట్టు ఉన్నాయి. స్టీరింగ్ తిరిగినంత సులువుగా వ్యాను తిరగలేదు, ఆ తరవాత ఉన్నట్టుండి తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగింది. ఎడమ చక్రం తారు అంచు దిగింది. వ్యాను ఆమె వైపుకి ఒరిగింది. కిటికీలోంచి ఇప్పుడు రోడ్డు కనిపించడం లేదు. తిన్నగా కింద ఊరే కనిపిస్తోంది.

వెనక ఏదో ఫట్‌మని తెగింది. ఆ వెంటనే ఇనుము ఇనుముకి కొట్టుకున్న చప్పుడు. దాని మీద ఒక మనిషి కేక.

"కుడికి! కుడికి కోయండి!"

ఆయన కోశాడు. గులకరాళ్ళు జరజరా లోయలోకి రాలాయి. చక్రం అంచు మీదే తిరిగి తిరిగి, పట్టు దొరికి, తారు ఎక్కింది. బస్సు దిగిపోయింది. ఆ డ్రైవరు వాళ్ళకేసి చూసినట్టు కూడా లేదు.

వెనక రేకు గోడ మీద ఎవరో మూడుసార్లు కొట్టారు. తరవాత కొట్టలేదు.

"తమ్ముడూ!" అని అరిచింది ఆమె. జవాబు లేదు. పైన చదును ఇంకా రెండు మలుపులుంది. ఆ రెండు మలుపులూ ఆమె కళ్ళార్పకుండా గట్టుని చూస్తూ అడుగులు, జానలు, వేళ్ళు లెక్కచెప్పింది. ఆయన చెప్పింది చెప్పినట్టు తిప్పాడు. 

ట్యాంకు దగ్గర బండి ఆగగానే ఆమె దూకి, తాళం చెవి లాగేసుకుని, వెనక్కి పరిగెత్తింది.

తలుపు తెరిస్తే మోటార్ సైకిల్ పక్కకి పడిపోయి ఉంది. ఒక రింగు, తనకి అంటుకున్న రేకు ముక్కతో సహా నేలలోంచి ఊడొచ్చేసింది. పైకి గట్టిగా కనిపించిన నేల, రింగు కింద కుళ్ళిపోయి ఉంది. అంత జాగ్రత్తగా వేలితో నొక్కుతూ వచ్చిన ఆమె, రింగు బిళ్ళ కింద మాత్రం నొక్కి చూడలేకపోయింది. మోటార్ సైకిల్ కింద లాండ్రీ ఆయన. కాలు పెట్టుకునే ఇనప కడ్డీ అతని తొడలో దిగింది. మడత నలగని చొక్కా సగం ఎర్రగా తడిసింది.

ఇద్దరూ కలిసి బండి ఎత్తారు. అతను కేక వేయలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఊడిన బెల్టు తీసి గాయానికి పైన తొడ చుట్టూ బిగించింది. దుప్పటి మడిచి గాయం మీద అదిమింది. నెత్తురు ధార తగ్గింది గానీ ఆగలేదు.

డ్రైవరు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఓపిగ్గా చెప్పాడు. ఉన్న ఒక్క అంబులెన్సూ పక్క ఊరికి వెళ్ళింది, అక్కణ్ణుంచి రావాలి, గంట పట్టొచ్చు. ట్యాంకు గేటుకి తాళం వేసి ఉంది. మెట్ల పక్కన ఉన్న చిన్న కొట్టు మూసి ఉంది. కనుచూపు మేరలో ఎండ తప్ప మనిషి లేడు.

"గంట ఆగడు," అంది ఆమె, అతనికి వినపడకుండా.

"నేను మెల్లగా..." అంటూ ఆయన డ్రైవరు సీటు వైపు అడుగేశాడు.

"బావగారూ." మూట మీద నుంచి వచ్చింది గొంతు, పీలగా. "ఆ అద్దం తీసే ఉంది. నేనంతా విన్నా. మీకు దణ్ణం పెడతా. మీరు మాత్రం స్టీరింగ్ ముట్టుకోకండి."

డ్రైవరు నిలబడ్డ చోటే ఆగిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనతో ఆ మాట అన్న మొదటి మనిషి అతను. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని చూసింది ఆమె. రాలేదు. ఎవరో చేతిలోంచి పెద్ద మూట అందుకుంటే మనిషి భుజాలు వాలినట్టు వాలాయి.

"నువ్వు నడపాలి," అన్నాడు ఆమెతో.

"నేనా? నాకు స్కూటరే గదండీ వచ్చు! దానికి గేర్లు కూడా లేవు!"

"రోడ్డు చూడ్డం వచ్చు కదా. మిగతాది నేను చెప్తా. దుప్పటి అదిమి పట్టేవాళ్ళు కావాలి, కాబట్టి నేను వెనకే కూర్చుంటా. ఆ అద్దం దగ్గర. నాకు కనిపించక్కర్లేదు. ఇంజను గొంతు వింటే చాలు, ఏ గేరులో ఉన్నావో, ఎంత వేగంలో ఉన్నావో తెలిసిపోతుంది."

మోటార్ సైకిల్‌ని చెక్క మీదుగా దింపి, మూసిన కొట్టు గోడకి ఆనించారు. వదిలి రావడానికి ఆయన చెయ్యి ఒక్క క్షణం సీటు మీద ఆగింది. అంతే. తలుపులు మూసుకున్నాయి.

ఆమె డ్రైవరు సీట్లోకి ఎక్కింది. పాదాలు పెడళ్ళకి సరిగ్గా అందలేదు. సీటు ముందుకి లాక్కుంది. స్టీరింగ్ ఇంకా ఆయన చెమటతో తడిగా ఉంది. మెడ వెనక, పుస్తకమంత కంతలోంచి, ఆయన గొంతు నెమ్మదిగా, బస్సులో కొత్త డ్రైవర్లకి నేర్పినంత నెమ్మదిగా వస్తోంది.

"ఎడమ కాలు క్లచ్చు. పూర్తిగా తొక్కు. కుడి కాలు బ్రేకు మీద ఉంచు. ఇప్పుడు తాళం తిప్పు."

తిప్పింది. వ్యాను కుదిపింది, గొంతెత్తింది.

"మొదటి గేరు. ఎడమకి నెట్టి ముందుకి. ఆఁ. ఇప్పుడు చేతి బ్రేకు దించు. క్లచ్చు మెల్లగా వదులు. ప్రాణం పోయేంత మెల్లగా."

రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. ఆయన చెప్పినట్టే చదును మీద ఒక చుట్టు తిప్పి కిందికి మళ్ళించింది. వ్యాను మూతి కిందికి వాల్చింది. లాండ్రీ ఆయన మూలుగు మెడ వెనక నుంచి సన్నగా వినిపిస్తోంది, ఆగి ఆగి.

"బావుంది. చాలా బావుంది. ఏం కనిపిస్తోంది చెప్పు."

రాళ్ళు కనిపిస్తున్నాయి. రాళ్ళ మధ్య సందులు కనిపిస్తున్నాయి. ఇందాక చక్రం దిగిన చోట తారు అంచు విరిగి పళ్ళూడిన చిగుళ్ళలా ఉండడం కనిపిస్తోంది. దాని కింద కొండ వాలు, వాలు కింద ఇళ్ళు, ఇళ్ళ మధ్య కదులుతున్న చుక్కల్లాంటి మనుషులు.

"అన్నీ కనిపిస్తున్నాయండీ," అంది ఆమె. "అదే నా భయం."

 వెనక ఆయన దగ్గి గొంతు సరిచేసుకున్నాడు. "వేగం పెరుగుతోంది. ఇంజను అరుస్తోంది, విన్నావా? రెండో గేరు వెయ్యాలి. క్లచ్చు తొక్కి, తిన్నగా వెనక్కి లాగు. మలుపు రాకముందే లాగాలి."

ఆమె క్లచ్చు తొక్కింది. లివరు లాగింది. సగం దాకా వచ్చి అది ఎక్కడో ఇరుక్కుంది. మళ్ళీ లాగింది. గరగరమంది, దిగలేదు. మలుపు రాళ్ళు తెల్లగా, ఒక్కొక్కటీ పెద్దదవుతూ ఎదురొస్తున్నాయి. ఏం చెయ్యాలో తోచక క్లచ్చు వదిలేసింది.

ఇంజను చప్పుడు ఉన్నట్టుండి సద్దుమణిగింది.

ఆ నిశ్శబ్దం అర్థమేంటో, బండి ఇప్పుడు ఏ గేరులోనూ లేదని, వెనక ఉన్న మనిషికి ఆమె కంటే ముందే తెలిసింది. వ్యాను మాత్రం ఆగలేదు.